వెబ్‌సైటు అంగడి: రాజంపేట ప్రాంత రైతు సంఘములకొక పాఠము



రాజంపేట, నందలూరు, పెనగలూరు, పుల్లంపేట, రైల్వే కోడూరు ప్రాంతములలో మామిడి, అరటి, బొప్పాయి, నిమ్మ, పసుపు మొదలగునవి పండుచున్నవి. పండించు విద్య మనకు క్రొత్తది కాదు. పండిన సరుకును అమ్ముకొను విద్యలోనే మనము వెనుకబడి యున్నాము. తోట మీద కాయను చూచి వెల చెప్పువాడొకడు, మండీలో తూచువాడొకడు, "సూటు" పేరిట టన్నునకిన్ని కిలోలని తగ్గించువాడొకడు. ఇందఱి చేతులు దాటిన పిమ్మట మిగిలినది రైతునకు దక్కును. చెన్నపట్నములోనో బెంగుళూరులోనో ఆ పండును తినిన గృహస్థునకు అది ఏ యూరి పండో, ఏ రైతు పండించినదో తెలియదు.

మద్రాసు నుండి మన సీమ మీదుగా పోయిన ఇనుపదారి 1871లో రాయచూరు వద్ద బొంబాయి దారితో కలిసినది. నాటి నుండి మన సరుకు దూరదేశములకు పోవుచునే యున్నది. అయితే రైలు సరుకును తీసికొనిపోయినదే గాని రైతు పేరును తీసికొనిపోలేదు. పేరు తెలియని సరుకునకు వెల నిర్ణయించు హక్కు కొనువానిదే యగును. రైతు పేరును, ఊరి పేరును, సరుకు గుణమును దూరముననున్న గృహస్థునకు నేరుగా తెలుపు సాధనమొకటి యిప్పుడు మనకు లభించియున్నది. అదియే వెబ్‌సైటు.

"మన సంఘమునకును ఒక వెబ్‌సైటు పెట్టింపరాదా?" అని సభ్యులు, విశేషించి చదువుకొన్న యువకులు, అడుగుచున్నారు. పెట్టింపవచ్చును. కాని దానిని పెట్టించుట ఒక వారము పని. నడపుట ఏండ్ల తరబడి పని. మండీవాడు చేయుచున్న పనులన్నియు, అనగా ఏఱుట, తూచుట, కట్టుట, పంపుట, తగవు తీర్చుట, ఆ నాటి నుండి మన నెత్తిన పడును. వాటిని మోయుటకు సిద్ధపడిన సంఘమునకే యీ అంగడి లాభకారి. ఈ విషయమును క్రమముగా విచారింతము.

1. వెబ్‌సైటు అనగా నేమి?

దీనిని మన బజారులోని అంగడితో పోల్చిన సులభముగా బోధపడును. అంగడికి మూడు వస్తువులు కావలెను: పేరు వ్రాసిన పలక, నిలుచుటకు స్థలము, లోపల అమరిన సరుకు. వెబ్‌సైటునకును ఇవే మూడు.

పేరు పలకను "డొమైను" అందురు. డాట్ ఇన్, డాట్ కామ్ అను తోకలతో ఆంగ్లలిపిలోను, డాట్ భారత్ అను తోకతో తెనుఁగు లిపిలోను పేర్లు దొరకును. ఈ పేరు శాశ్వతముగా కొనబడునది కాదు. సంవత్సరము లెక్కన రుసుము చెల్లించి నమోదు చేయించుకొని, గడువు తీరకముందే మరల చెల్లింపవలెను. గడువు దాటిన యెడల ఆ పేరును మఱియొకరు పొందవచ్చును.

స్థలమును "హోస్టింగు" అందురు. మన పేజీలు, చిత్రములు, జాబితాలు నిలువయుండు యంత్రములో కొంత చోటును అద్దెకు తీసికొనుట అని అర్థము.

మూడవది పేజీలు. వీటిని నిర్మించుటకు మూడు మార్గములు కలవు. మొదటిది, నెలసరి అద్దెకు తయారుగా దొరకు అంగడిని తీసికొనుట. ఇందు శ్రమ తక్కువ, అద్దె తప్పదు. రెండవది, వర్డ్‌ప్రెస్, ఊకామర్స్ వంటి ఉచిత సాధనములతో మన అంగడిని మనమే కట్టించుకొనుట. ఇందు సాధనము ఉచితమైనను, తెలిసినవాని సహాయము ఎల్లప్పుడు కావలసియుండును. మూడవది, సరుకుల జాబితా, వెలలు, సంఘము ఫోను నంబరు గల చిన్న వెబ్‌సైటును మాత్రము పెట్టి, ఆర్డర్లను ఫోను ద్వారాను వాట్సాప్ ద్వారాను తీసికొనుట. క్రొత్తగా ప్రారంభించు సంఘము మొదటి పంటకాలమంతయు ఈ మూడవ మార్గమున నడచుట మేలు. వారమునకు నూఱు ఆర్డర్లు రాని అంగడికి పెద్ద యంత్రాంగము భారమే యగును.

ఇచ్చట మిక్కిలి ముఖ్యమైన హెచ్చరిక. వెబ్‌సైటు చేసి పెట్టిన యువకుడు తన పేరుననే డొమైనును నమోదు చేసికొనుట, తన ఫోను నంబరునకే రహస్యపదములన్నియు ముడిపెట్టుట సాధారణముగా జరుగు పని. అతనికి దురుద్దేశము లేకపోవచ్చును. కాని అతడు ఉద్యోగమునకై వేఱు ఊరికి పోయిన నాడు సంఘము తన అంగడి తాళపుచెవిని తానే పోగొట్టుకొన్నట్లగును. కావున డొమైను, హోస్టింగు, చెల్లింపుల ఖాతా అన్నియు సంఘము పేరుననే, సంఘమునకు చెందిన ఫోను నంబరుతోను ఈమెయిలు చిరునామాతోను నమోదు కావలెను. రహస్యపదములను వ్రాసి, ముద్రవేసిన కవరులో సంఘపు ఇనుపపెట్టెలో ఉంచవలెను. డొమైను గడువు తేదీని తీర్మానముల పుస్తకములో నమోదు చేయవలెను.

2. మొదట ఏ సరుకును అమ్మవలెను?

సహకారోద్యమ చరిత్ర తెలిసినవారికి ఇంగ్లండులోని రోచ్‌డేల్ పట్టణపు నేతగాండ్ర కథ క్రొత్తది కాదు. వారు 1844 డిసెంబరు 21వ తేదీన తమ అంగడిని తెరచినపుడు అందులోనున్నవి వెన్న, చక్కెర, గోధుమపిండి, ఓటుపిండి, కొన్ని క్రొవ్వొత్తులు మాత్రమే. సరుకులు కొద్ది, కాని కల్తీ లేదు, తూకములో మోసము లేదు, అరువు లేదు. ప్రపంచమంతట వ్యాపించిన వినియోగదారుల సహకారోద్యమమునకు ఆ చిన్న అంగడి ఆదర్శమైనది. మన వెబ్‌సైటునకును ఇదే నీతి. ఇరువది సరుకులను చూపి పది లేవని చెప్పుటకంటె, రెండు సరుకులను చూపి రెండును సకాలమున పంపుట మేలు.

ఆ రెండు ఏవి కావలెను? చెడని సరుకు ఒకటి, ఋతువున వచ్చు సరుకు ఒకటి. చెడని సరుకునకు పసుపు మంచి ఉదాహరణము. ఉడికించి, ఎండించి, మెఱుగుపెట్టిన కొమ్ములు నెలల తరబడి నిలువయుండును. ఆర్డరు ఈ దినము వచ్చినను పదిదినములకు వచ్చినను నష్టము లేదు. పార్సెలు రెండుదినములు ఆలస్యమైనను సరుకు చెడదు. సంఘమునకు క్రొత్త పనిలో చేయి తిరుగుటకు ఇట్టి సరుకే తగును.

మామిడి సంగతి వేఱు. దానికి వెల యెక్కువ, పేరెక్కువ, అపాయమును ఎక్కువే. కావున మామిడిని ఏడాది పొడవున గాక ఋతువులో మాత్రమే, ముందుగా ఆర్డరు తీసికొని, ఒకటి రెండు పట్టణములకు మాత్రమే పంపుట వివేకము. కోసిన పిమ్మట కొనువాని కొఱకు వెదకరాదు. కొనువాడు దొరకిన పిమ్మటనే కోయవలెను.

3. ఇరుగుపొరుగున జరిగిన రెండు ప్రయత్నములు

మనకు సమీపముననే జరిగిన రెండు ప్రయత్నములు ఈ సందర్భమున పరిశీలింపదగినవి.

కర్ణాటక రాష్ట్ర మామిడి అభివృద్ధి, విక్రయ సంస్థ 2019లో తపాలా శాఖతో కలిసి, "కర్సిరి మ్యాంగోస్" అను వెబ్‌సైటు ద్వారా రైతుల మామిడిని బెంగుళూరు గృహస్థుల ఇండ్లకు పంపు పద్ధతిని ప్రారంభించినది. మూడు కిలోల పెట్టెను ప్రమాణముగా పెట్టుకొనిరి. మఱుసటి సంవత్సరము కరోనా కట్టడిలో బజారులు మూతపడినపుడు ఈ మార్గము రైతులకు మిక్కిలి అక్కఱకు వచ్చినది. ఇందు గమనింపవలసినవి మూడు: ఒకే సరుకు, ఒకే పట్టణము, ఒకే కొలత పెట్టె. ఇల్లిల్లు తిరుగుటకు క్రొత్తగా మనుష్యులను నియమింపక, అదివఱకే వీధివీధి తిరుగుచున్న తపాలా బంట్రోతు సేవను వినియోగించుకొనిరి.

రెండవది మన రాయలసీమలోనిదే. అనంతపురము సీమలోని చెన్నేకొత్తపల్లి ప్రాంతమున 1990లో నెలకొన్న టింబక్టు కలెక్టివ్ అను సంస్థ ప్రోత్సాహముతో, 2008లో "ధరణి" అను రైతుల పరస్పర సహాయ సహకార సంఘము ఏర్పడినది. వర్షాధారపు మెట్టపొలములలో పండిన చిఱుధాన్యములు, వేరుసెనగ మున్నగువానిని సభ్యుల నుండి కొని, శుభ్రపఱచి, "టింబక్టు ఆర్గానిక్" అను పేరుతో అమ్ముచున్నారు. సభ్యులే ఒకరి పొలమునొకరు పరిశీలించి హామీ యిచ్చు పద్ధతిని పాటించుచున్నారు. ఇందలి పాఠమేమనగా, పేరునకు ముందు గిడ్డంగి, గిడ్డంగికి ముందు సభ్యుల నడుమ కట్టుబాటు ఉండవలెను. వెబ్‌సైటు ఈ వరుసలో చివర వచ్చునది.

4. పేజీలో ఏమి వ్రాయవలెను?

మండీలో కొనువాడు కాయను చేతితో పట్టి, వాసన చూచి కొనును. వెబ్‌సైటులో కొనువానికి ఆ అవకాశము లేదు. వాని చేతికి బదులుగా మన మాటయే ఉన్నది. కావున ప్రతి సరుకునకును ఈ క్రింది విషయములను స్పష్టముగా వ్రాయవలెను:

రకము పేరు (బేనీషా, తోతాపురి మొదలగునవి), నికర బరువు, పండునకు పండునకు ఉండదగు పరిమాణ భేదము, కోసిన పిమ్మట ఎన్ని దినములలో పంపుదుము, పక్వమైనది వచ్చునా, ఇంట మాగవేసికొనవలసినది వచ్చునా, పంపు ఖర్చుతో కూడిన మొత్తము వెల, ఏ పట్టణములకు పంపుదుము, చెడినచో ఏమి చేయుదుము, సంఘము పూర్తి పేరు, చిరునామా, ఫోను.

చిత్రములు మన తోటవే, మన సరుకువే కావలెను. ఎక్కడనో దొరకిన అందమైన పండు బొమ్మను పెట్టి మన పండును పంపినచో, మన పండు మంచిదైనను కొనువానికి అది మోసముగనే తోచును. పగటి వెలుతురులో, పండు ప్రక్కన దాని పరిమాణము తెలియునట్లు చేయి నుంచి తీసిన బొమ్మ చాలును. తెనుఁగుతో బాటు ఆంగ్లమునను, వీలైనచో తమిళ కన్నడములందును వ్రాయించుట మంచిది. మనకు సమీపమున ఉన్న పెద్ద పట్టణములు చెన్నై, బెంగుళూరులే కదా.

అతిశయోక్తులను మానవలెను. ధ్రువపత్రము లేనిదే "సేంద్రియము" అని వ్రాయరాదు. "ఈ పసుపు రోగములను పోగొట్టును" వంటి మాటలు వ్రాయరాదు. బనగానపల్లె మామిడికి 2017లో భౌగోళిక గుర్తింపు లభించినది. ఆ గుర్తింపు చిహ్నమును పెట్టెలపై ముద్రించుటకు అధికృత వినియోగదారుగా నమోదు చేసికొనవలెను, ఊరక వాడరాదు.

5. ఏఱుట, కట్టుట, పంపుట

వెబ్‌సైటు అంగడికి నిజమైన పరీక్ష యిచ్చటనే. మామిడిని తొడిమతో కోసి, నేలపై పడనీయక, జీడి కాయపై కాఱకుండ తలక్రిందుగా నుంచి ఆరవేసి, పిమ్మట తొడిమను కత్తిరింపవలెను. జీడి మరకయున్న కాయ మండీలో చెల్లవచ్చును. గృహస్థుని ఇంట చెల్లదు. మచ్చ, దెబ్బ, ఈగ పోటు గల కాయలను ఏఱివేయవలెను. గాలి రంధ్రములు గల గట్టి అట్టపెట్టెలో, కాయకు కాయ ఒఱసికొనకుండ కాగితపు తురుము వేసి అమర్పవలెను.

మాగవేయుటకు కాల్షియము కార్బైడును వాడుట చట్టముచే నిషిద్ధము. ఎథిలీను వాయువును మాత్రము, గాలిలోని పది లక్షల భాగములకు నూఱు భాగములు మించకుండ, తగిన గదిలో వాడుటకు అనుమతి కలదు. ఈ విషయములలో రైల్వే కోడూరు సమీపమున అనంతరాజుపేటలో ఉన్న ఉద్యాన పరిశోధన స్థానము వారి సలహా పొందుట మేలు.

తూకము విషయమున ఒక నియమము: ఐదు కిలోలని వ్రాసిన పెట్టెలో, త్రోవలో తరుగు పోయిన పిమ్మటను ఐదు కిలోలుండునట్లు కొంచెము ఎక్కువ వేయవలెను. మండీలో సూటును చూచి నొచ్చుకొన్న మనము, మన కాటా చేత మఱియొకరిని నొప్పింపరాదు.

పంపుటకు తపాలా పార్సెలు, ఆర్టీసీ బస్సు పార్సెలు, ప్రైవేటు కొఱియర్లు కలవు. పసుపు వంటి సరుకునకు తపాలా చాలును. మామిడికి సాయంకాలము బస్సునకు వేసి, మఱునాటి ఉదయము పట్టణమున ఒకచోట దింపించి, అచ్చట నుండి ఇండ్లకు చేర్చు ఏర్పాటు ఉండవలెను. మొదట పది పెట్టెలను మన బంధుమిత్రులకే పంపి, ఎట్టి స్థితిలో చేరినవో ఫోటోలు తెప్పించుకొని చూచిన పిమ్మటనే అంగడి తెరువవలెను.

6. డబ్బు రాకపోకలు

2016లో యూపీఐ పద్ధతి వచ్చిన నాటి నుండి దూరముననున్నవాడు ఫోను ద్వారా క్షణములో డబ్బు చెల్లించుట సులభమైనది. ఈ చెల్లింపులు కార్యదర్శి సొంత ఖాతాకు గాక సంఘపు బ్యాంకు ఖాతాకే రావలెను. కార్డుల ద్వారా, ఇతర మార్గముల ద్వారా తీసికొనునపుడు మధ్యవర్తి సంస్థ తీసికొను రుసుము ఎంతో ముందే వ్రాతమూలకముగా తెలిసికొని వెలలో కలుపవలెను.

మోసగాండ్ర విషయమున జాగ్రత్త అవసరము. "మీకు డబ్బు పంపుచున్నాను, ఈ గుర్తును స్కాను చేసి పిన్ను నొక్కుడు" అని చెప్పువాడు తప్పక మోసగాడే. డబ్బు తీసికొనుటకు పిన్ను నొక్కవలసిన పని ఎన్నడును లేదు. ఓటీపీని ఎవరికిని చెప్పరాదు. చెల్లింపు జరిగినట్లు కొనువాడు పంపిన బొమ్మను నమ్మక, బ్యాంకు ఖాతాలో జమ చూచిన పిమ్మటనే సరుకును కదలింపవలెను.

ప్రతిదినము సాయంకాలము మూడు లెక్కలను సరిచూడవలెను: వచ్చిన ఆర్డర్లు, బ్యాంకులో పడిన సొమ్ము, గిడ్డంగి నుండి పోయిన సరుకు. మూడును సరిపోయిన నాడు కార్యదర్శి సుఖముగా నిద్రింపవచ్చును.

7. లాభము నిజముగా ఎంత?

పట్టణములో కిలో నూట నలువది రూపాయలకు అమ్ముదుమని వినగానే మన మనస్సు ఉప్పొంగును. లెక్క వేసి చూతము. ఈ క్రింది అంకెలు పద్ధతి తెలియుటకై ఊహించినవి మాత్రమే. ప్రతి సంఘము తన అంకెలను వేసికొనవలెను.

ఐదు కిలోల పెట్టెను ఇంటికి చేర్చు ఖర్చుతో కలిపి 700 రూపాయలకు అమ్మితిమనుకొందము. ఖర్చులు: పెట్టె, కాగితము 45, ఏఱుట, మాగవేయుట, కట్టుట కూలి 30, పంపు ఖర్చు 200, వెబ్‌సైటు, చెల్లింపు రుసుములు 25, చెడిన పెట్టెల నిమిత్తము నిలువ 35, సంఘ నిధికి 15. మొత్తము 350 రూపాయలు. రైతునకు మిగిలినది 350, అనగా కిలోకు 70 రూపాయలు. మండీలో తగ్గింపులన్నియు పోగా కిలోకు 40 వచ్చుచున్నదనుకొనినచో, ఇది మంచి బేరమే.

కాని ఒక టన్ను కాయలో అంతయు పెట్టెకు పనికిరాదు. 600 కిలోలు పనికివచ్చినవనుకొందము. వాటిపై 42,000 రూపాయలు. మంచికాయ ఏఱివేయగా మిగిలిన 400 కిలోలకు మండీలో 40 రాదు. 20 మాత్రమే వచ్చెననుకొందము. అది 8,000. మొత్తము 50,000. ఏఱకుండ టన్ను కాయను మండీకే వేసినచో 40,000 వచ్చియుండెడిది. అనగా అదనపు లాభము టన్నునకు 10,000 రూపాయలు. కిలోకు ముప్పది రూపాయల చొప్పున టన్నునకు ముప్పది వేలు లాభమని లెక్కించినవాడు ఇచ్చటనే పొరబడును.

ఇంకను వినుడు. 600 కిలోలకు 120 పెట్టెలు. అందు ఇరువది పెట్టెలు త్రోవలో చెడి, పూర్తి సొమ్మును తిరిగి ఇయ్యవలసి వచ్చెననుకొనుడు. అది 14,000 రూపాయలు. నిలువ నిధిలో ఉన్నది పెట్టెకు 35 చొప్పున 4,200. మిగిలిన 9,800 లాభములో నుండి పోవలసినదే. పది వేల లాభములో ఇక మిగులునది రెండు వందలు! ఆరు పెట్టెలలో ఒకటి చెడినచో మన శ్రమయంతయు నీటిపాలు. కావుననే అట్టపెట్టెపై ఐదు రూపాయలు మిగిల్చుటకు చూచుటకంటె, చెడకుండ చేర్చుటకు ఖర్చుపెట్టుట లాభము. రెండవ రకపు కాయను ముందుగనే రసపు కర్మాగారమునకో, తాండ్రకో, ఊరగాయకో ఏర్పాటు చేసికొనుటయు ఇందుకే అవసరము.

8. చట్టము కోరునవి

తన పొలమున పండిన పంటను అమ్ముకొను రైతునకు ఆ మేరకు జీ.ఎస్.టీ. నమోదు అక్కఱలేదు. అయితే ఆ చట్టములో ఈ మినహాయింపు పొందు రైతనగా వ్యక్తియో, హిందూ అవిభక్త కుటుంబమో మాత్రమే. సంఘము సభ్యుల నుండి కొని అమ్మునపుడు ఆ మినహాయింపు సంఘమునకు తనంతట తాను వర్తింపదు. తాజా పండ్లకు ఒక రీతి, పేరుపెట్టి పొట్లము కట్టిన సరుకులకు ఒక రీతి పన్ను నియమములు ఉండును. కావున అంగడి తెరువకముందే లెక్కల తనిఖీదారుని అడిగి వ్రాయించుకొనవలెను.

2006 నాటి ఆహార భద్రతా చట్టము పొలములో పండించు రైతును విడిచిపెట్టినను, పసుపును పొడిచేసి పొట్లము కట్టు సంఘమును విడువదు. వ్యాపారపు పరిమాణమును బట్టి నమోదు గాని లైసెన్సు గాని తీసికొని, పదునాలుగు అంకెల సంఖ్యను పొట్లముపై వేయవలెను. పొట్లముపై సరుకు పేరు, కట్టినవారి పేరు చిరునామా, నికర బరువు, తయారైన నెల, సంవత్సరము, పన్నులతో కూడిన గరిష్ఠ వెల, ఫిర్యాదునకు ఫోను నంబరు ఉండవలెనని 2011 నాటి తూనికలు కొలతల నియమములు చెప్పుచున్నవి.

2020లో వచ్చిన వినియోగదారుల రక్షణ నియమముల ప్రకారము, ఫిర్యాదు అధికారి పేరును ఫోనును వెబ్‌సైటులో ప్రకటింపవలెను. ఫిర్యాదు అందిన 48 గంటలలో అందినట్లు తెలిపి, నెల దినములలో పరిష్కరింపవలెను. మనకు ఈ గడువు ఎక్కువే. మామిడి చెడినదన్న ఫిర్యాదును ఆ దినముననే తీర్చివేయుట మన పద్ధతి కావలెను. కొనువారి పేర్లు, చిరునామాలు, ఫోను నంబర్లు మనకు నమ్మి ఇచ్చినవి. వాటిని ఇతరులకు ఇచ్చుట గాని అమ్ముట గాని కూడదు.

9. ఇతర మార్గములతో పొత్తు

2016 ఏప్రిలులో ప్రారంభమైన ఈ-నామ్ మార్కెట్టు యార్డుల మొత్తపు వ్యాపారమునకు సంబంధించినది. ఒక గృహస్థునకు ఐదు కిలోలు పంపుటకు అది సాధనము కాదు. 2021లో నెలకొన్న ఓ.ఎన్.డీ.సీ. అను ఉమ్మడి వలలో చేరినచో మన సరుకు అనేక కొనుగోలు యాప్‌లలో కనబడును. పెద్ద కంపెనీల అంగళ్లలోను అమ్మవచ్చును. వాటి రుసుములు, నియమములు వేఱు. పైగా అచ్చట కొనువాడు కంపెనీని గుర్తుంచుకొనును గాని మన సంఘమును గుర్తుంచుకొనడు. కావున వాటిని వాడుకొనినను, మన పేరుతో మన వెబ్‌సైటు ఒకటి ఉండుట అవసరము. ప్రతి పెట్టెలోను సంఘము పేరు, వెబ్‌సైటు పేరు, పండించిన ఊరి పేరు ముద్రించిన చీటి నొకదానిని ఉంచవలెను. మఱుసటి ఋతువున ఆ చీటియే మనకు ఆర్డరును తెచ్చును.

10. సంఘము చేయవలసిన తీర్మానములు

మొదట ఉపనిబంధనలలో సభ్యుల సరుకును అమ్ము ఉద్దేశము ఉన్నదో లేదో చూచుకొనవలెను. లేనిచో సర్వసభ్య సమావేశములో సవరణ చేయించుకొనవలెను. పిమ్మట ఈ విషయములను తీర్మానింపవలెను:

మొదటి సంవత్సరమున అమ్మదగు సరుకులు ఏవి. ఏ సభ్యుని సరుకునైనను ఒకే ప్రమాణముతో ఏఱుటకు ఎవరిని నియమింతుము. పెద్ద రైతు తోటకాయకు ఒక చూపు, చిన్న రైతు కాయకు ఒక చూపు కూడదు. అధ్యక్షుని తోట కాయకును అదే ప్రమాణము. సభ్యునకు సొమ్ము ఎన్ని దినములలో చెల్లింతుము. చెడిన సరుకు నష్టము ఎవరిది: తోటలోని లోపమైనచో సభ్యునిది, కట్టుటలో త్రోవలో కలిగినచో సంఘముది అని ముందే వ్రాసికొనవలెను. వెబ్‌సైటును దినదినము చూచుకొనువాడెవడు, అతనికి జీతమెంత.

ఈ చివరి మాటను తేలికగా తీసికొనరాదు. ఆర్డరునకు జవాబియ్యని వెబ్‌సైటు, తలుపులు తెరచి యజమాని లేని అంగడి వంటిది. "చేయగలవాడు మన పిల్లవాడే కదా, ఊరకనే చేయును" అనుకొన్న పని నాలుగు వారములకంటె సాగదు. చదువుకొన్న మన ఆడపిల్లలు, యువకులు అనేకులు ఈ పనికి తగినవారు. వారికి తగిన జీతమిచ్చినచో, ఊరిలోనే నిలిచి చేయదగిన గౌరవమైన వృత్తి యొకటి ఏర్పడును.

సభ్యులు తమ సమావేశములో చర్చింపవలసిన ప్రశ్నలు

అ) మన సంఘములో ఆరు మాసములైనను చెడకుండ నిలుచు సరుకు ఏది?
ఆ) మన కాయలో నూటికి ఎన్ని పెట్టెకు పనికివచ్చును? మిగిలినదానిని ఏమి చేయుదుము?
ఇ) ఇరువది పెట్టెల నష్టమును భరించు నిలువ నిధి మనకు కలదా?
ఈ) రహస్యపదములు, డొమైను గడువు తేదీ ఎవరి ఆధీనమున ఉండును?
ఉ) మండీలో మనకు నచ్చని పనులలో ఏదైనను మన అంగడిలో జరుగకుండ ఎట్లు కాపాడుకొందుము?

మండీని విడిచిపెట్టుడని ఈ పాఠము ఉద్దేశము కాదు. మన పంటలో అధికభాగము ఇంకను చాలకాలము మండీకే పోవును. కాని పదింట ఒక పాలు మన పేరుతో, మన కాటాతో, మనము కట్టిన వెలకు అమ్ముకొనగలిగిన నాడు, మిగిలిన తొమ్మిది పాళ్లకు మండీలో బేరమాడునపుడు మన గొంతుకు బలము చేకూరును. అందుకై ఈ సంవత్సరము పసుపుతో మొదలుపెట్టి, చేయి తిరిగిన పిమ్మట మామిడికి పోవుడు.